చైనాతో విమాన ఒప్పందాల బేరం: హక్కులు వచ్చినా ఫ్లైట్లు ఎందుకు రావు?

కృష్ణాతీరం (విజయవాడ) | 2025 నవంబర్ 14, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి వూహాన్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. వాడు ఇంటికొచ్చి వెళ్లిన ప్రతిసారీ మాకు టెన్షనే. మొన్న ఆగస్టులో హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి గ్వాంగ్‌జౌ, అక్కడి నుంచి రైలు. రెండు టికెట్లు విడివిడిగా కొన్నాం. మొదటి ఫ్లైట్ మూడు గంటలు ఆలస్యమయ్యేసరికి రెండోది వెళ్లిపోయింది. పంతొమ్మిది గంటలు ఎయిర్‌పోర్ట్ కుర్చీలో గడిపాడు. వాళ్లమ్మ ఆ రాత్రంతా ఫోన్ చేతిలో పెట్టుకుని హాల్లోనే కూర్చుంది. ఏజెంట్‌ని అడిగితే "డైరెక్ట్ లేదు కదండీ, ఏం చేస్తాం" అన్నాడు.

ఇప్పుడు కోల్‌కతా నుంచి, ఢిల్లీ నుంచి నేరుగా ఫ్లైట్లు మళ్లీ మొదలయ్యాయి. సంతోషమే. రెండు ప్రభుత్వాలు కూర్చుని ఒక మాట అనుకోవడానికి ఐదేళ్లు ఎందుకు పట్టిందన్నదే నాకు మింగుడుపడటం లేదు. అసలు చైనావాళ్లతో ఈ విమానాల బేరం ఎలా జరుగుతుంది? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

పాత_బేగంపేట (హైదరాబాద్) | 9:15

కృష్ణాతీరం గారూ, బాబు క్షేమంగా చేరాడు, ముందు అది చాలు.

నేను ఒక విమాన సంస్థలో అంతర్జాతీయ వ్యవహారాల సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. ప్రభుత్వ బృందం వెనక వరసలో ఫైళ్లు పట్టుకుని కూర్చునే ఉద్యోగం. చైనావాళ్లతో జరిగిన చర్చలకూ వెళ్లాను. గదిలో ఎవరేమన్నారో రాయను, అది పద్ధతి కాదు. పని ఎలా నడుస్తుందో మాత్రం చెప్తాను.

1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదే. ఆ దేశం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప పరాయి దేశపు రెగ్యులర్ సర్వీసు అక్కడ దిగడానికి లేదు. ఆరో అధికరణం అది. కాబట్టి ఏ రెండు దేశాలైనా విడిగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. మేం దాన్ని 'బైలేటరల్' అనేవాళ్లం. ఎన్ని కంపెనీలు ఎగరాలి, ఏ ఊళ్ల మధ్య, వారానికి ఎన్నిసార్లు, దారిలో మూడో దేశంలో దిగి ప్రయాణికుల్ని ఎక్కించుకోవచ్చా లేదా. బేరమంతా వీటి చుట్టూనే.

చైనాతో మన ఒప్పందం 1988 డిసెంబర్‌లో రాజీవ్ గాంధీ బీజింగ్ వెళ్లినప్పుడు కుదిరింది. ఆ పర్యటన గురించి అందరూ సరిహద్దు మాటే చెప్తారు గానీ, ఆ రోజు సంతకమైన వాటిలో విమానాల ఒప్పందం కూడా ఉంది. మరి బీజింగ్ నుంచి ఢిల్లీకి చైనా ఈస్టర్న్ వాళ్ల డైరెక్ట్ ఫ్లైట్ ఎప్పుడు దిగింది? 2002 మార్చిలో. సంతకానికీ ఫ్లైట్‌కీ మధ్య పదమూడేళ్లు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందండీ.

ఓరుగల్లు_లా | 9:52

సార్, లా మూడో సంవత్సరం విద్యార్థిని. చిన్న సందేహం. 2020లో ఫ్లైట్లు ఆగిపోయినప్పుడు ఆ ఒప్పందం రద్దయినట్టా?

పాత_బేగంపేట | 10:20

లేదమ్మా. రద్దు చేయాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇలాంటి ఒప్పందాల్లో మామూలుగా పన్నెండు నెలల గడువు ఉంటుంది. ఎవరూ ఆ పని చేయలేదు. కోవిడ్‌తో ఫ్లైట్లు ఆగాయి. ఆ జూన్‌లో గల్వాన్ జరిగింది. ఇక మళ్లీ మొదలుపెడదామని అనేవాళ్లు లేకపోయారు. కాగితం బీరువాలో భద్రంగానే ఉంది, ఆకాశం మాత్రం ఖాళీ. 2024 అక్టోబర్‌లో రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ కలిశారు. 2025 జనవరిలో మన విదేశాంగ కార్యదర్శి బీజింగ్ వెళ్లినప్పుడు సూత్రప్రాయంగా సరే అనుకున్నారు. ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు 'సవరించిన విమాన సేవల ఒప్పందం' ఖరారు చేస్తామన్నారు. అక్టోబర్ 26 రాత్రి కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి ఇండిగో లేచింది. 'సూత్రప్రాయం' నుంచి రన్‌వే దాకా తొమ్మిది నెలలు. ఈ వ్యవహారంలో అది వేగమే.

సరుకు_సంత (గుంటూరు) | 11:05

నేను గ్వాంగ్‌జౌ నుంచి ప్యాకింగ్ మెషిన్లు తెప్పిస్తాను. 2011 నుంచి అక్కడ ఏప్రిల్, అక్టోబర్‌లలో జరిగే కాంటన్ ఫెయిర్ అనే వ్యాపార ప్రదర్శనలకు వెళ్లేవాణ్ని. 2019 అక్టోబర్ చివర్లో ఇండిగో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మొదలుపెడితే మా బ్యాచ్ అంతా పండగ చేసుకున్నాం. నాలుగు నెలలు తిరక్కుండానే మూతపడింది.

అక్కడి ఫ్యాక్టరీవాళ్లతో నా అనుభవం చెప్తాను, విమానాల సంగతి పెద్దలు చూసుకుంటారు. మొదటి రోజు ధర మాట్లాడనివ్వరు. టీ పోస్తారు, ఫ్యాక్టరీ చూపిస్తారు, మీ ఊరు ఎక్కడ, పిల్లలెంతమంది అని అడుగుతారు. మీ తిరుగు ఫ్లైట్ ఎప్పుడో కూడా అప్పుడే తెలుసుకుంటారు. అసలు మాట ఆ ఫ్లైట్‌కి ముందు రోజు సాయంత్రం మొదలవుతుంది. ఎయిర్‌పోర్ట్‌కి పోయే తొందరలో మనమే మెత్తబడతాం. మూడో ఏడాది నుంచి నేను తిరుగు టికెట్ తేదీ చెప్పడం మానేశాను. ప్రభుత్వాల దగ్గరా ఇంతేనా మాస్టారూ?

పాత_బేగంపేట | 11:48

చాలావరకు అంతే బాబూ. విమానాల చర్చలో ఇంకో మెట్టు ఎక్కువ. వాళ్లు అంకెల కంటే ముందు సూత్రం ఒప్పించుకుంటారు. 'సమానత్వం, పరస్పర ప్రయోజనం' అనే రెండు మాటలు ముందు పేజీలో కూర్చోబెడతారు. మనకు అవి మర్యాద మాటల్లా కనిపిస్తాయి, తలూపుతాం. మూడో రోజు మనం "మాకు ఫలానా ఊరు కావాలి" అనగానే, "మొదటి రోజు సమానత్వం ఒప్పుకున్నారు కదా, మరి మాకేం ఇస్తారు?" అని అదే పేజీ తీస్తారు.

టేబుల్‌కి ఇటువైపు ప్రభుత్వం, వెనకాల ఒకరంటే ఒకరికి పడని ప్రైవేటు కంపెనీలు. అటువైపు పౌర విమానయాన శాఖ, వెనకాల ఎయిర్ చైనా, చైనా ఈస్టర్న్, చైనా సదరన్. 1980ల దాకా అక్కడ ఆ శాఖే విమాన సంస్థ కూడా. నియంత్రణ వాళ్లదే, టికెట్ అమ్మేదీ వాళ్లే. తర్వాత విడదీశారు. 2002లో మూడు పెద్ద గ్రూపులుగా కూర్చారు. అయినా మూడూ ప్రభుత్వానివే కాబట్టి చర్చల గదిలో వాళ్ల మాట ఒక్కటే ఉంటుంది. మన వెనక వరసలో మాత్రం చీటీలు అటూ ఇటూ నడుస్తుంటాయి: "ఆ ఊరు ఒప్పుకోవద్దు, లాభం పక్క కంపెనీకి పోతుంది" అని. అలాంటి చీటీలు నా చేత్తో అందించాను కాబట్టి చెప్తున్నాను.

ఒప్పుకోని మాటను చతురస్ర బ్రాకెట్లో పెడతారు. చివరి రాత్రికి ముసాయిదాలో ఇంకా ఎనిమిదో తొమ్మిదో బ్రాకెట్లు ఉంటాయి. వాక్యం వాక్యం పైకి చదువుతారు, దుబాసీ చెప్తాడు, అవతలివాళ్లు తలూపితే బ్రాకెట్ తీసేస్తారు. 'చేయవచ్చు' అన్న మాట 'చేయాలి' కావడానికి రెండు గంటలు పట్టిన రాత్రి నాకు గుర్తుంది.

సూర్యాపేట_సుధాకర్ | 12:30

అన్నీ బాగానే ఉన్నాయి. మా ఊరి బిడ్డ కర్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో ప్రాణమిచ్చాడు. ఆయనతో కలిపి ఇరవై మంది. ఆ శవపేటిక ఊళ్లోకి వచ్చిన రోజు నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. అలాంటప్పుడు ఫ్లైట్ల కోసం తొందరేంటి? ఐదేళ్లు ఆపడమే సరైన పని. ఫ్లైట్ కూడా ఒక ఆయుధమే.

కృష్ణాతీరం | 12:51

సుధాకర్ గారూ, మీ బాధను కాదనే హక్కు నాకు లేదు. ఆయన ఫోటోకు మా ఇంట్లోనూ దండ వేశాం. నా కొడుకు అక్కడ చదువుకోవడం ఆయనకు అగౌరవం అని మాత్రం అనుకోను.

షెడ్యూల్_డెస్క్ (బెంగళూరు) | 1:40

సుధాకర్ గారి మాటకు గౌరవమిస్తూనే ఒక లెక్క చెప్తాను. నేను ఎయిర్‌లైన్ నెట్‌వర్క్ ప్లానింగ్‌లో పనిచేస్తున్నాను. 2019 డిసెంబర్‌లో రెండు దేశాల మధ్య నెలకు 539 డైరెక్ట్ ఫ్లైట్లు షెడ్యూల్లో ఉండేవి. అందులో చైనా కంపెనీలవి 371, మనవి 168. హక్కులు ఇద్దరికీ సమానమే, వాడుకున్నది మాత్రం మూడింట రెండు వంతులకు పైగా వాళ్లు. కాబట్టి 2020 తర్వాత ఆపడంలో మనకు పోయింది తక్కువ, వాళ్లకు పోయింది ఎక్కువ. 'ఆయుధం' అన్న మాటలో ఆ మేరకు నిజముంది.

అసలు ప్రశ్న దానికి ముందుది. అన్నేళ్లు మనకున్న వాటాను మనం ఎందుకు వాడుకోలేదు? ఒప్పందం బాగాలేక కాదనే నేనంటాను. ఢిల్లీ నుంచి షాంఘై వెళ్లేవాడు వ్యాపారి, ఏడాదికి రెండుసార్లు వెళ్తాడు. వాళ్ల ఫ్లైట్‌లో ఎక్కేవాడు అక్కడితో ఆగడు, షాంఘైలో మారి అమెరికాకో జపాన్‌కో పోతాడు. అంటే వాళ్ల విమానం ఇండియా-చైనా ప్రయాణికులతోనే నిండాల్సిన పనిలేదు. మనకు ఢిల్లీలో అలాంటి హబ్ అప్పట్లో లేదు. కాగితం మీద సమానం, సీట్లు నింపడంలో కాదు.

పాత_బేగంపేట | 2:25

అమ్మా, మీ లెక్క సరైనదే. కానీ 'ఒప్పందం బాగాలేక కాదు' అన్న దగ్గర ఒప్పుకోను. 2005 ఏప్రిల్‌లో చైనా ప్రధాని వెన్ జియాబావో వచ్చినప్పుడు విమాన సంబంధాలను బాగా సడలిస్తూ అవగాహన పత్రం రాసుకున్నాం. తలుపు తెరిచాం. తెరిచినప్పుడు స్లాట్ల సంగతి గట్టిగా రాయించుకోలేదన్నదే నా బాధ. ఎగిరే హక్కు వేరు, ఎయిర్‌పోర్ట్‌లో దిగే టైమ్ వేరు. చైనా ఆకాశంలో పెద్ద భాగం సైన్యం చేతిలో ఉంటుంది. బీజింగ్ రాజధాని ఎయిర్‌పోర్ట్ అప్పటికే కిక్కిరిసింది. హక్కు పట్టుకుని వెళ్తే "తప్పకుండా రండి, తెల్లవారుజామున రెండు గంటలకు ఖాళీ ఉంది" అంటారు. వ్యాపారి ఆ టైమ్‌కు దిగి ఎక్కడికి పోతాడు? చేతికొచ్చింది నోటికి రాలేదంటే ఇదే.

అమెరికా అంతటివాడికీ తప్పలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు లాస్ ఏంజెలస్-బీజింగ్ హక్కు వాళ్ల ప్రభుత్వం 2016లో ఇస్తే, బీజింగ్‌లో స్లాట్ దొరక్క 2017 నవంబర్ దాకా ఎగరలేకపోయారు.

డల్లాస్_రవి | 8:10 (రాత్రి)

ఇక్కడ ఇప్పుడే తెల్లారింది. మాస్టారు అమెరికా ఎత్తారు కాబట్టి నేను కొంచెం పెద్దగా రాస్తాను. ఈ గొడవను చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను.

అమెరికా-చైనా ఒప్పందం 1980 సెప్టెంబర్ 17న అమెరికా అధ్యక్షుడు కార్టర్, చైనా ఉపప్రధాని బో యీబో సంతకాలతో కుదిరింది. మొదట్లో వారానికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఫ్లైట్లే. 1999లో ఒక్కో పక్షానికి వారానికి 54. అమెరికా 'ఓపెన్ స్కైస్' అంటుంది, అంటే లెక్కే వద్దు, ఎవరికి నచ్చినన్ని వాళ్లు తిప్పుకోండి. చైనా ఎప్పుడూ ఒప్పుకోలేదు. మెట్లు మెట్లుగా ఇస్తామంది. 2004లో పెద్ద మెట్టు: ఆరేళ్లలో 54 నుంచి 249కి. కొత్తగా వచ్చిన 195లో 111 సరుకు విమానాలకు, 84 ప్రయాణికుల విమానాలకు. ఈ పంపకం చూడండి. సరుకు కావాల్సింది వాళ్ల ఫ్యాక్టరీలకు, ఎక్కువ మోసుకెళ్లే విమానాలేమో అమెరికావి. ఇద్దరికీ గిట్టుబాటైన చోట గేటు వెడల్పుగా తీశారు. ప్రయాణికుల దగ్గర తమ కంపెనీలకు ఇంకా బలం రాలేదు కాబట్టి సన్నగా తీశారు. పదేళ్లు తిరిగేసరికి వాళ్ల కంపెనీలు బలపడ్డాయి. సీట్లలో అమెరికా కంపెనీలను దాటేశాయి.

2020లో జరిగింది ఇంకా ముఖ్యం. మార్చి 26న చైనా ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి విదేశీ కంపెనీ చైనాకి ఒకే రూట్‌లో, వారానికి ఒకే ఫ్లైట్. అందరికీ ఒకటే రూల్, పైకి చూస్తే న్యాయమే. అయితే మార్చి 12 నాటి షెడ్యూల్లో ఎవరు ఉన్నారో వాళ్లకే అన్నారు. అమెరికా కంపెనీలు ఫిబ్రవరిలోనే కోవిడ్ భయంతో ఆపేశాయి. మార్చి 12న వాళ్ల లెక్క సున్నా. సున్నాకి అనుమతి కూడా సున్నా! చైనా కంపెనీలు మాత్రం అమెరికాకి వారానికొకటి తిప్పుతూనే ఉన్నాయి.

డెల్టా, యునైటెడ్ జూన్‌లో మళ్లీ వస్తామని అర్జీ పెట్టుకున్నాయి. జవాబు లేదు. జూన్ 3న అమెరికా రవాణా శాఖ "16 నుంచి మీ ప్రయాణికుల విమానాలన్నీ ఆపేస్తున్నాం" అని ఆర్డర్ వేసింది. మర్నాడే, జూన్ 4న, చైనా ఆ రూల్‌ని సడలించింది. జూన్ 5న అమెరికా కూడా తన ఆర్డర్‌ని సవరించి వారానికి రెండు అనుమతించింది. నెలల తరబడి కదలనిది రెండు రోజుల్లో కదిలింది.

సరుకు_సంత | 8:34

రవి అన్నా, ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. 'మార్చి 12 నాటికి' అన్న చిన్న ముక్కలో మొత్తం బేరం దాచారు. మా ఇన్‌వాయిస్‌లోనూ ఇంతే, కింద చిన్న అక్షరాల్లో 'ఓడరేవు ఖర్చులు కొన్నవారివి' అని ఉంటుంది.

సూర్యాపేట_సుధాకర్ | 8:50

చూశారా, గట్టిగా నిలబడితేనే దిగొస్తారు. నేనూ అదే అంటున్నా.

డల్లాస్_రవి | 9:22

సుధాకర్ గారూ, తర్వాతి కథ కూడా వినండి. దిగొచ్చింది ఆ ఒక్క మెట్టే. వచ్చే విమానంలో ఐదుగురికి పాజిటివ్ వస్తే ఆ రూట్ వారం బంద్, పదిమందికి వస్తే నాలుగు వారాలు బంద్ అని ఇంకో రూల్ పెట్టారు. ఎక్కేముందు చైనా అడిగిన పరీక్షలన్నీ చేయించుకున్నవాళ్లే దిగాక పాజిటివ్ వస్తే శిక్ష విమాన కంపెనీకి. 2022 జనవరిలో అమెరికా దానికి బదులుగా చైనా కంపెనీల ఫ్లైట్లు 44 ఆపింది. ఇలా నువ్వొకటి నేనొకటి అనుకుంటూ 2023 వేసవి నాటికి ఒక్కో పక్షానికి వారానికి 12 దగ్గరే ఉన్నారు. తర్వాత 18, 24, 35, చివరికి 2024 మార్చి 31 నుంచి 50. కోవిడ్‌కి ముందు 150కి పైగా ఉండేవి. మా పక్కింటి చైనా ప్రొఫెసర్ గారు తల్లి అంత్యక్రియలకు వెళ్లలేకపోయారు. టికెట్ దొరికింది, దాని ధర ఆయన రెండు నెలల జీతం. గట్టిగా నిలబడ్డ మాట నిజమే, ఆ ధర ఎవరు కట్టారో నేను కళ్లారా చూశాను.

ఓరుగల్లు_లా | 9:40

సార్, అయితే చైనా ఎవరికీ పూర్తిగా తలుపు తీయలేదా?

షెడ్యూల్_డెస్క్ | 10:05

తీసింది. 2016 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాతో లెక్కలన్నీ ఎత్తేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో బ్రిటన్‌తో వారానికి 40 నుంచి 100కి పెంచింది. ఆస్ట్రేలియాకి చైనా టూరిస్టులు కావాలి, మోసుకొచ్చేది ఎక్కువగా చైనా కంపెనీలే. తమ కంపెనీలు గెలిచే చోట చైనా ఉదారంగా ఉంటుంది.

ఇంకో విషయం. 2009 నుంచి చైనాలో దూరపు రూట్లకు 'ఒక రూట్‌కి ఒక కంపెనీ' అనే నియమం ఉండేది, 2018లో సడలించారు. అందువల్ల వాళ్ల కంపెనీలు బీజింగ్, షాంఘై వదిలి చెంగ్డు లాంటి ఊళ్ల నుంచి విదేశాలకు రూట్లు వేశాయి. స్థానిక ప్రభుత్వాలు డబ్బు సాయం చేశాయి. అవతలి దేశంవాళ్లు బీజింగ్ స్లాట్ కోసం కొట్టుకుంటుంటే, వీళ్లు లోపలి ఊళ్ల నుంచి ప్రయాణికుల్ని తోడుకుపోయారు.

అందుకే నేను మళ్లీ అంటున్నా, హక్కు ఒక్కటే చాలదు. బ్రిటన్‌కి 100 ఉన్నాయి. 2024 అక్టోబర్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్-బీజింగ్ ఆపేసింది, వర్జిన్ అట్లాంటిక్ షాంఘై వదిలేసింది. కారణం రష్యా ఆకాశం. బ్రిటన్ విమానాలు రష్యా మీదుగా పోలేవు, చుట్టు తిరిగితే గంటల కొద్దీ ఇంధనం. చైనా విమానాలు నేరుగా పోతాయి. ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు, ఆట మాత్రం మారిపోయింది.

పాత_బేగంపేట | 2025 నవంబర్ 15, ఉదయం 6:30

రాత్రి నిద్ర పట్టక అన్నీ చదివాను. ఈ పిల్లలు ఇంత బాగా రాస్తుంటే ముచ్చటేసింది. ఒక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. చైనాతో ఏ విమాన చర్చకు కూర్చున్నా టేబుల్ మీద కనబడకుండా ఇంకో కుర్చీ ఉంటుంది. అది తైవాన్‌ది, చైనా తనదేనంటున్న దీవి.

జపాన్ కథ చెప్తాను. 1974 ఏప్రిల్ 20న జపాన్, చైనా విమాన ఒప్పందం కుదిరింది. జపాన్ ఎయిర్‌లైన్స్ అప్పటికే తైవాన్ రాజధాని తైపీకి నడుపుతోంది, మంచి లాభాల రూట్. తైవాన్ కంపెనీ పేరు చైనా ఎయిర్‌లైన్స్, తోక మీద వాళ్ల జెండా. బీజింగ్‌కి అది కంట్లో నలుసు. జపాన్ విదేశాంగ మంత్రి ఒహిరా ఏమన్నారంటే, తైవాన్ విమానాల మీద ఉన్న గుర్తును తాము దేశపు జెండాగా చూడటం లేదు, ఆ కంపెనీని ఒక దేశానికి ప్రతినిధిగా చూడటం లేదు అని. తైపీ భగ్గుమంది. అదే రోజు జపాన్‌తో రూట్లు తెంచేసింది, తన పరిధిలోని ఆకాశంలోకి జపాన్ విమానాలు రావద్దంది. ఆగ్నేయాసియా వెళ్లే జపాన్ విమానాలు చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది ఉపాయం దొరికింది. 1975లో జపాన్ ఏషియా ఎయిర్‌వేస్ అని ఒక పిల్ల కంపెనీ పెట్టి, తైవాన్‌కి దాని పేరుతో నడిపారు. అసలు కంపెనీ బీజింగ్‌కి, పిల్ల కంపెనీ తైపీకి. 1978లో నరిటా ఎయిర్‌పోర్ట్ తెరిచాక విదేశీ విమానాలన్నీ అక్కడికి మారాయి, తైవాన్ వాళ్లను మాత్రం పాత హనేదాలోనే ఉంచారు. రెండు చైనాల విమానాలు ఒకే చోట పక్కపక్కన నిలబడకూడదని. 2002 దాకా అలాగే నడిచింది! యూరప్ కంపెనీలూ తర్వాత ఇదే దారి పట్టాయి. కేఎల్ఎం ఏషియా పేరున్న విమానం ఎప్పుడైనా కనిపిస్తే గమనించండి, డచ్ కిరీటం గుర్తు దాని మీద ఉండదు.

ఇది పాత కథే అనుకోకండి. 2018 ఏప్రిల్‌లో చైనా పౌర విమానయాన శాఖ 36 విదేశీ విమాన కంపెనీలకు ఉత్తరం రాసింది, వెబ్‌సైట్లలో తైవాన్‌ని దేశంలా చూపించొద్దని. అమెరికా అధ్యక్ష భవనం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అమెరికా కంపెనీలు చివరికి 'తైపీ' అని ఊరి పేరు మాత్రమే ఉంచాయి. మన ఎయిర్ ఇండియా ఆ జూలైలో 'చైనీస్ తైపీ' అని మార్చింది.

ఓరుగల్లు_లా | 7:15

సార్, మరి హాంకాంగ్? అది కూడా చైనాయే కదా. మా అక్క హైదరాబాద్ నుంచి క్యాథే పసిఫిక్ ఫ్లైట్‌లో హాంకాంగ్ వెళ్లింది.

పాత_బేగంపేట | 7:50

చాలా మంచి ప్రశ్నమ్మా. హాంకాంగ్‌ది విడి పద్దు. దాని ప్రాథమిక చట్టం 133వ అధికరణం ప్రకారం బీజింగ్ ఇచ్చిన అధికారంతో హాంకాంగ్ తన విమాన ఒప్పందాలు తానే మాట్లాడుకుంటుంది. చైనాతో ఫ్లైట్లు ఆగిన రోజుల్లో మన పిల్లలు హాంకాంగ్ మీదుగా వెళ్లగలిగారంటే ఈ ఏర్పాటు వల్లే. జెండా ఒకటే, బేరం వేరు.

సూర్యాపేట_సుధాకర్ | 8:30

నిన్నటి నుంచి ఇదంతా చదువుతున్నాను. నేను నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కానీ ఒకటి గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరి 1న వూహాన్ నుంచి ఎయిర్ ఇండియా జంబో మొదటి ట్రిప్‌లో 324 మందిని తెచ్చినప్పుడు, అందులో అందరికంటే ఎక్కువమంది ఆంధ్రవాళ్లే, 56 మంది. రెండో ట్రిప్‌తో కలిపి 647 మంది మనవాళ్లు. ఆ రోజు వాళ్ల ఆకాశం తెరవబట్టే మన పిల్లలు వచ్చారు. కృష్ణాతీరం గారూ, నిన్న నేను కొంచెం గట్టిగా అన్నాను, ఏమనుకోకండి.

కృష్ణాతీరం | 8:44

అయ్యో, అంత మాటెందుకండీ. మీరు రోడ్డు పక్కన నిలబడ్డది మర్చిపోలేని దృశ్యం.

షెడ్యూల్_డెస్క్ | 9:30

మాస్టారి స్లాట్ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. ఒప్పుకుంటున్నాను, సగం. పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో పగటి పూట కొన్ని స్లాట్లు గ్యారంటీ అని అవగాహన పత్రంలో రాయించుకుని ఉంటే మా లెక్క మారేది. తెల్లవారుజామున రెండుకి దిగే ఫ్లైట్‌కి నేను విమానం కేటాయించను. అదే విమానం దుబాయ్‌కి తిప్పితే రెండు ట్రిప్పులు వస్తాయి.

ఇప్పుడు ఇంకో అవసరం కూడా వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ ఆకాశం మనకు మూసేశారు. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లేవి చుట్టు తిరుగుతున్నాయి. ఉత్తరాన, పశ్చిమ చైనాలోని షిన్‌జియాంగ్ మీదుగా దారి అడుగుదామన్న ఆలోచన ఉంది. అక్కడ కొండలు ఎత్తు, అత్యవసరంలో దిగాల్సిన వాటిలో సైన్యం కూడా వాడే ఎయిర్‌పోర్టులున్నాయి. ఇలాంటిది అడిగితే వాళ్లు ఊరికే ఇవ్వరు. బదులుగా ఏం అడుగుతారో ఊహించుకోవచ్చు: మన పెద్ద నగరాల్లో మరిన్ని ఫ్లైట్లు. అప్పుడు మనం పగటి స్లాట్లు అడగాలి.

పాత_బేగంపేట | 10:02

అడగడమే కాదమ్మా, రాయించుకోవాలి. 'సానుకూలంగా పరిశీలిస్తారు' అని రాస్తారు చూడండి, ఆ మాటకు విలువ లేదు. ఎయిర్‌పోర్ట్ పేరు, గంట, ఏ సీజన్ నుంచి అన్నది ఉండాలి. వెళ్లే బృందంలో మీలాంటి షెడ్యూల్ తెలిసినవాళ్లు వెనక వరసలో కాకుండా ముందు వరసలో కూర్చోవాలి. సరుకు సంత బాబు అన్నట్టు, తిరుగు టికెట్ తేదీ చెప్పకుండా వెళ్లాలి. మా రోజుల్లో గురువారం చర్చ మొదలైతే శనివారం రిటర్న్ టికెట్ ముందే కన్ఫర్మ్ అయ్యుండేది. అది అవతలివాళ్లకీ తెలిసేది.

సరుకు_సంత | 10:20

హైదరాబాద్‌ని కూడా అడగండి మాస్టారూ! మా గుంటూరు, తెనాలి, విజయవాడ వ్యాపారులు, మెడికల్ స్టూడెంట్లు, ఫార్మా ముడిసరుకు కోసం తిరిగే వాళ్లు. హైదరాబాద్-గ్వాంగ్‌జౌ వారానికి మూడు వేసినా నిండుతాయి.

షెడ్యూల్_డెస్క్ | 10:41

ఫార్మా మాట విలువైనది. మన మందుల కంపెనీల ముడిసరుకు చాలావరకు చైనా నుంచే. పైన మనుషులు, కింద బెల్లీలో (విమానం అడుగు భాగంలో) సరుకు ఉంటే రూట్ నిలబడే అవకాశం ఎక్కువ. ఎన్ని టన్నులు, ఎంతమంది ప్రయాణికులు అన్న డేటా మీ వ్యాపార సంఘం రాతపూర్వకంగా ఇస్తే ఏ ఎయిర్‌లైన్ అయినా చూస్తుంది. ఖాళీ డిమాండ్ లెటర్‌కి మాత్రం ఎవరూ కదలరు.

సరుకు_సంత | 10:55

సోమవారం మా సంఘం మీటింగ్ ఉంది. పెడతాను. గత రెండేళ్లలో ఎవరు ఎన్నిసార్లు వెళ్లారు, ఏ దారిన వెళ్లారు అని ఒక షీట్ తయారు చేస్తాను. ఫార్మాట్ చెప్పండి మేడమ్.

కృష్ణాతీరం | 11:30

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఒక చివరి సహాయం. సంక్రాంతికి అబ్బాయి వస్తానంటున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు కోల్‌కతా-గ్వాంగ్‌జౌ తీసుకోమంటారా, పాత దారే మేలంటారా?

షెడ్యూల్_డెస్క్ | 11:52

కోల్‌కతా తీసుకోండి సార్. ఆ ఫ్లైట్ రాత్రి పది ప్రాంతంలో బయల్దేరి తెల్లవారేసరికి గ్వాంగ్‌జౌలో దింపుతుంది, పగలంతా రైలుకు ఉంటుంది. రెండు జాగ్రత్తలు. హైదరాబాద్-కోల్‌కతా, కోల్‌కతా-గ్వాంగ్‌జౌ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో కొనండి. అప్పుడు మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత కంపెనీది. కోల్‌కతాలో దేశీయ, అంతర్జాతీయ టెర్మినల్ ఒకే భవనం, బయటికి పరుగెత్తక్కర్లేదు. అయినా నాలుగు గంటల తేడా ఉంచండి, జనవరిలో పొగమంచు ఉంటుంది.

కృష్ణాతీరం | 12:05

ఒకే పీఎన్‌ఆర్. రాసుకున్నాను. ఇప్పుడే వాళ్లమ్మకు చదివి వినిపించాను, "ఆ మేడమ్‌ని అడుగు, సామాను కూడా హైదరాబాద్‌లో వేస్తే నేరుగా గ్వాంగ్‌జౌ పోతుందా" అంటోంది. పచ్చడి జాడీలున్నాయట.

షెడ్యూల్_డెస్క్ | 12:11

ఒకే టికెట్ అయితే నేరుగా వెళ్లే అవకాశం ఉంది, హైదరాబాద్ కౌంటర్‌లో ట్యాగ్ మీద గ్వాంగ్‌జౌ అని ఉందో లేదో చూసుకోమనండి. పచ్చడి మాత్రం చెక్-ఇన్ బ్యాగ్‌లోనే, రెండు పొరల కవర్‌లో చుట్టి పెట్టమనండి.